రాక్షసుడి వంతు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల పల్లెల్లో పెరిగినవాళ్ళకి పులి మేక ఆట గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అరుగు మీద సుద్దముక్కతోనో బొగ్గుతోనో త్రికోణం గీసి గీతలు కొడితే 23 కూడళ్ళు వస్తాయి. పులులు 3, మేకలు 15. మేకలకి చింతగింజలు, పులులకి గులకరాళ్ళు. మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పులి నోట పడ్డట్టే. పులులకి కదిలే దారి లేకుండా మేకలు చుట్టేస్తే గెలుపు మేకలది. 15 మేకలూ దిగేదాకా వేసిన మేకని జరపకూడదు.

అవ్వ పులులు పట్టుకుని మనవడికి మేకలిచ్చిందనుకోండి. ఆమె తన తెలివంతా పెట్టి ఆడితే నాలుగు మేకలు పోగానే వాడు గింజలన్నీ చెరిపేసి లేచిపోతాడు. పోనీలే అని దొరికిన మేకని వదిలేస్తే అది కూడా పసిగడతాడు. "అవ్వా, నువ్వు కావాలనే ఓడిపోతా ఉండావు" అని మొహం ముడుచుకుంటాడు. ఆట తెలిసిన అవ్వ ఈ రెండూ చెయ్యదు. ఆకలి మీదున్న పులి ఎట్లా పోతుందో అట్లా పోనిస్తుంది. ఆమె పులి ఎదురుగా కనిపించిన మేక మీదికల్లా ఉరుకుతుంది, పైకొస విడిచి కిందికి దిగుతుంది, వెనక దారి మూసుకుపోతున్నా చూసుకోదు. ఆట నియమం ఒక్కటీ మారలేదు. మారింది పులి బుద్ధి. మనవడు ఆ పులిని కట్టేస్తే అది నిజంగా వాడి గెలుపే. వాడి చెయ్యి తిరిగేకొద్దీ అవ్వ పులి కూడా ఓపిక నేర్చుకుంటుంది.

ఈ రోజు నేను చెప్పబోయే ఆట పుట్టింది అమెరికాలో. దాంట్లో నాకు ఎక్కువ ఇష్టమైన విద్య మాత్రం ఈ అవ్వ చేసే పనే.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రాసిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో అచ్చయింది. నలుగురో అయిదుగురో ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తి పట్టినవాడు, ఒకరు మంత్రగాడు, ఒకరు గాయాలు మాన్పే మనిషి. మిగిలినదంతా, అంటే ఊరు, అడవి, వాన, దారిలో కలిసే ముసలమ్మ, గుహలో ఉన్న రాక్షసుడు, అన్నీ ఒక్కరి చేతిలోనే ఉంటాయి. ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు. పోరు వచ్చినప్పుడు ఎవరి వంతు వస్తే వాళ్ళు తాము ఏం చేస్తున్నదీ చెప్పి, 20 ముఖాల పాచిక వేస్తారు. దెబ్బ తగిలిందా తప్పిందా అనేది పాచిక తేలుస్తుంది. ఎంత దెబ్బకి తట్టుకుంటారో దానికొక లెక్క ఉంటుంది. దాన్ని హిట్ పాయింట్లు అంటారు. అవి అయిపోతే పడిపోయినట్టు.

పులి మేకలో పులుల పక్కన కూర్చున్నవాళ్ళకి గెలవాలని ఉంటుంది. గేమ్ మాస్టర్ దగ్గర పులులు ఎన్నంటే అన్ని. నలుగురు వీరుల మీదికి నూరుమంది రాక్షసుల్ని దింపినా అడ్డు చెప్పే నియమం లేదు. అందుకని గెలవడం అనే మాటకి ఆయన విషయంలో అర్థమే లేదు. మరి రాక్షసుడి వంతు వచ్చినప్పుడు ఆయన ఏం చూసి ఆడాలి? ఎవరిని కొట్టాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి, పోరు ఒకవైపే ఒరిగిపోతుంటే దాన్ని ఎలా సరిచెయ్యాలి? పోరు నడపడంలో కష్టమంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. చింతామణి తాలూకాలో కైవారం ఉంది. యోగి నారేయణ తాతయ్య మఠం ఉన్న ఊరు. భారతంలోని ఏకచక్రపురం ఇదేనని ఇక్కడి నమ్మకం. బకాసురుడు ఉన్న కొండ అని ఊరి పక్క కొండనే చూపిస్తారు. పక్కనున్న చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుళ్ళ ముందు భారతం జరిగినప్పుడు బకాసుర వధ రోజున భీముడి వేషం కట్టినాయన బండెక్కి ఊరంతా తిరుగుతాడు. కాబట్టి ఈ కథ మనకి పుస్తకంలో చదివి తెలిసింది కాదు, వీధిలో చూసి తెలిసింది.

ఆదిపర్వంలో ఆ పోరు ఎట్లా నడిచిందో ఒకసారి గుర్తు చేసుకోండి. బకుడికి పంపేది బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటితో పాటు వాటిని తోలుకొచ్చిన మనిషి. భీముడు పోయి బకుణ్ణి పేరు పెట్టి పిలిచి, ఆ అన్నం తానే తినడం మొదలుపెట్టాడు. బకుడు వచ్చి రెండు చేతులతో వీపు మీద బాదాడు. భీముడు తల కూడా ఎత్తలేదు. దెబ్బ పనిచెయ్యలేదని తెలిసి బకుడు చెట్టు పెరికాడు. భీముడు తినడం ముగించి, విసిరిన చెట్టుని ఎడమచేత్తో పట్టుకున్నాడు. చెట్లతో కొట్లాట అయింది, ఆ తర్వాత కలబడి కుస్తీ అయింది, చివరికి భీముడు వాణ్ణి మోకాలికేసి నడుము విరిచాడు. బకుడి వాళ్ళు బయటికి వచ్చి భయపడితే, ఇక మీదట మనుషుల జోలికి రావద్దని మాట తీసుకుని వదిలేశాడు.

దీన్ని ఆట నడిపేవాడి కంటితో చూస్తే రాక్షసుడి ఎత్తులు మూడుసార్లు మారాయి. ముందు చేతులు, తర్వాత చెట్టు, తర్వాత కుస్తీ, చివరికి వాడి వాళ్ళ లొంగుబాటు. ప్రతి మార్పుకీ ముందు ఏదో ఒకటి జరిగింది. చెయ్యి పనిచెయ్యలేదు కాబట్టి చెట్టు వచ్చింది. ఊరికే బలం పెరగలేదు.

ఇప్పుడు ఇదే పోరు బల్ల మీద ఆడుతున్నామనుకుందాం. కొండ కింద బండి నిలబడి ఉంది. పొద్దు వాలుతోంది. ఆడేవాళ్ళు నలుగురు. ఒక మల్లుడు, ఒక విలుకాడు, ఒక వైద్యురాలు, ఈ గుట్టల్లోనే గొర్రెలు కాసిన ఒక పిల్ల. ఆ పిల్ల ఆయుధం ఒడిసెల. బకుడికి హిట్ పాయింట్లు 80.

మల్లుడు భీముడిలాగా బండి మీద కూర్చుని తినడం మొదలుపెట్టాడు. విలుకాడు బండ మీదికి ఎక్కాడు. రెండు రౌండ్లు, అంటే అందరి వంతులూ రెండేసిసార్లు, గడిచేసరికి విలుకాడి పాచిక బాగా పడి బకుడికి 40 పోయాయి. ఇవతల ఒక్కరికీ గీత పడలేదు. రాక్షసుడంటే ఇంతేనా అన్నట్టుంది. తొందరపడే గేమ్ మాస్టర్ ఇక్కడ తన కాగితం మీద 80 కొట్టేసి 140 రాసుకుంటాడు. అలా చేస్తే విలుకాడు వేసిన మంచి పాచికలన్నీ గాలికి పోయినట్టే. నిదానించే మనిషి, బకుడికి ఇప్పుడు ఏం కనిపిస్తోంది అని తనను తాను అడుగుతాడు. బాణాలు పై బండ నుంచి వస్తున్నాయి. ఈ కొండలో ప్రతి బండా బకుడికి తెలుసు. వాడు బండిని పక్కకి దొర్లించి దాని వెనక నక్కుతాడు. బాణానికి దారి మూసుకుపోతుంది. అన్నమంతా నేలపాలు అవుతుంది, దున్నపోతులు బెదిరి కాడి తెంచుకుంటాయి. పోరు ఒక్కసారిగా వేరే పోరు అయిపోయింది. 80 అనే అంకె 80గానే ఉంది.

ఆ తర్వాతి వంతులో గేమ్ మాస్టర్ ఇలా చెబుతాడు: "వాడి చేతులు మర్రిచెట్టు మొదలు చుట్టూ బిగిశాయి. వేళ్ళు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు వినిపిస్తోంది." చెట్టు ఇంకా విసరలేదు. విలుకాడికి ఒక వంతు సమయం ఉంది. దిగి పారిపోవచ్చు, మొండికేసి ఇంకో బాణం వెయ్యవచ్చు. ఏది చేసినా అది అతను చూసి తేల్చుకున్న పని. దెబ్బ పెద్దది అయ్యేకొద్దీ దాన్ని అంత ముందుగా చూపించాలి. నేను ఎవరికైనా ఆట నడపడం నేర్పాల్సి వస్తే మొదట చెప్పేది ఇదే.

ఇదే పోరు మొదటి నుంచీ బకుడి వైపు తిరిగితే ఏం చెయ్యాలి? మల్లుడు పడిపోయాడు, వైద్యురాలి దగ్గర ఒక్క మోతాదు మందే మిగిలింది, బకుడికి ఇంకా 60 ఉన్నాయి. ఇంకో రెండు దెబ్బలు పడితే నలుగురూ పోతారు. ఇక్కడ చాలామంది రాక్షసుడి చేత తప్పుడు దెబ్బలు వేయిస్తారు, లేదా పాచికని చాటున పెట్టి తగిలిన దెబ్బని తగలలేదని చెబుతారు. బకుడికి ఏం కావాలి అని అడిగితే జవాబు దొరుకుతుంది. వాడు వచ్చింది కూటి కోసం. పడిన మల్లుణ్ణి అక్కడే చంపడం కంటే కాలు పట్టుకుని గుహ వైపు ఈడ్చుకుపోవడం వాడికి సహజం. ఈడ్చుకుపోయేటప్పుడు వాడి వీపు ఇటు ఉంటుంది, నడక మెల్లగా ఉంటుంది, ఒక చెయ్యి ఖాళీగా ఉండదు. మిగిలిన ముగ్గురికి రెండు వంతులు చిక్కాయి. ఆ రెండు వంతుల్లో వాళ్ళు ఏం చేస్తారో అది వాళ్ళ చేతిలో పని.

ఇది దయ చూపించినట్టు ఉండకూడదంటే వాడి ఆకలి మొదటి రౌండులోనే కనిపించి ఉండాలి. దెబ్బకీ దెబ్బకీ మధ్య బండిలో నుంచి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడని అప్పుడే చెప్పి ఉంటే నాలుగో రౌండులో వాడు తిండి వైపు మళ్ళడం ఎవరికీ వింతగా ఉండదు. ముందు ఒక్క మాట చెప్పకుండా ఉన్నట్టుండి వాడికి ఆకలి పుట్టిస్తే, అవ్వ ఆడిన దొంగ ఎత్తుని మనవడు పసిగట్టినట్టే వీళ్ళూ పసిగడతారు. అప్పుడు ఎవరికీ మొహం చెల్లదు.

అంకెలు చాటుగా మార్చడం తప్పా ఒప్పా అనే విషయంలో ఈ ఆట ఆడేవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి వాదన ఉంది. మంచి పేరున్న గేమ్ మాస్టర్లు కూడా కథ బాగుండాలంటే పాచికని ఒకటీ అరా సర్దుకోవచ్చు అంటారు. నేను ఒప్పుకోను. పోరు మొదలు కాకముందు ఏమైనా మార్చుకోండి. రాక్షసుణ్ణి చిన్నవాణ్ణి చెయ్యండి, ముగ్గురి బదులు ఇద్దర్ని పెట్టండి. మొదటి పాచిక పడిన తర్వాత అంకెలు అందరివీ. నా చెల్లెలో నా మేనల్లుడో ప్రాణం ఒడ్డి ఒక ఎత్తు వేస్తే, ఆ ఎత్తు ఫలించిందో లేదో పాచిక చెప్పాలి. నేను తెర వెనక కూర్చుని తేలిస్తే వాళ్ళు ఆడింది ఆట కాదు, నా చేతిలో బొమ్మలుగా కదిలారు. బుద్ధిని ఎంతైనా మార్చుకునే వీలున్నప్పుడు అంకెల జోలికి పోవాల్సిన అవసరం ఏముంది?

బుద్ధి అన్నాను కదా, అది అందరికీ ఒకటి కాదు. కీత్ అమ్మన్ అనే అమెరికన్ రచయిత 2019లో దీని మీదే ఒక పుస్తకం వేశారు. ఏ జీవి అయినా తాను దేనిలో గట్టిదో దానికి తెలిసే ఉంటుంది, దాని బలాన్ని బట్టే దాని పోరు ఉంటుంది అనేది ఆయన చెప్పే మాట. ఒంటి బలం ఉన్నది మీద పడుతుంది. చురుకుదనం ఉండి ఒళ్ళు బలహీనమైనది దూరం నుంచి కొట్టి దాక్కుంటుంది. ఆకలితో వచ్చిన చిరుతపులి గుంపులో వెనకబడినదాన్ని పట్టుకుని పోతుంది, గట్టిగా రెండు దెబ్బలు తగిలితే వదిలేసి పోతుంది. పాళెగాడి సిపాయి అలా కాదు. ఎదుటివాళ్ళలో గాయాలు మాన్పుతున్నది ఎవరో ఒక్కసారి చూస్తే చాలు, తర్వాతి ఈటె ఆమె మీదికే వస్తుంది. మన బకుడికి గర్వం ఎక్కువ, ఆలోచన తక్కువ. వాడు తనను చివరగా కొట్టినవాళ్ళ మీదికి తిరుగుతాడు. ఈ సంగతి కనిపెట్టిన ఆటగాళ్ళు వాణ్ణి వంతులవారీగా రెచ్చగొట్టి అటూ ఇటూ తిప్పుతారు. అలా తిప్పనివ్వండి. అది వాళ్ళు కష్టపడి కనిపెట్టిన విషయం.

బలం లేనివాళ్ళు చోటుని పట్టుకుని ఎలా నిలబడతారో తెలియాలంటే నందికొండ వైపు చూడండి. 1791లో ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ సైన్యం ఆ కొండ మీది దుర్గాన్ని ముట్టడించి అక్టోబరులో పట్టుకుంది. ఫిరంగులు ఉన్న సైన్యానికి కూడా వారాల తరబడి పట్టింది. ఎక్కివచ్చేవాళ్ళ మీదికి పైనుంచి బండలు దొర్లించారు. బాగేపల్లి దగ్గర గుమ్మనాయకనపాళ్యం గుట్ట మీద పాళెగాళ్ళ కోట గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుట్ట ఎక్కినవాళ్ళకి తెలుస్తుంది, పైన నలుగురు ఉంటే కింద నలభైమందికి ఎంత కష్టమో. ఈ ఆట ఆడే లోకంలో దీనికి పేరు మోసిన ఉదాహరణ ఒకటి ఉంది. 1987లో "డ్రాగన్" పత్రికలో రోజర్ మూర్ అనే సంపాదకుడు టక్కర్ అనే గేమ్ మాస్టర్ నడిపిన కోబోల్డుల గురించి రాశారు. కోబోల్డులంటే ఈ ఆటలో అన్నిటికన్నా అల్పమైన జాతి, ఒక్క దెబ్బకి పోతాయి. టక్కర్ వాటికి ఒక్క పాయింటు కూడా పెంచలేదు. ఇరుకు సొరంగాలు, గోడల్లో కన్నాలు, దారికి అడ్డంగా మంట, వెంటపడి తరిమే పద్ధతి, ఇవి మాత్రం ఇచ్చాడు. పెద్ద పెద్ద వీరులు వాటిని తప్పించుకోవడానికి ఇంకా లోతుకి, ఇంకా భయంకరమైన రాక్షసులున్న చోటికి పరిగెత్తేవాళ్ళట.

ఒంటరి రాక్షసుడికి ఇంకో ఇబ్బంది ఉంది. నలుగురికి నాలుగు వంతులు వస్తే వాడికి ఒకటే. 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూర్పు మహా రాక్షసులకి ఇతరుల వంతుల చివర కూడా చిన్న చిన్న పనులు చేసే వీలు కల్పించింది. అదీ మంచిదే. రక్తబీజుడి కథ తెలిసిన మనకి ఇంకో దారి కూడా తెలుసు. నేల మీద పడిన ప్రతి నెత్తురు చుక్కలో నుంచి ఇంకొకడు లేచేవాడితో పోరాడేటప్పుడు గట్టిగా కొట్టేకొద్దీ కష్టం పెరుగుతుంది. అక్కడ ఆటగాళ్ళు బలం పక్కనపెట్టి ఉపాయం వెతకాల్సిందే.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వేరే ఉంది. చాలా బల్లల దగ్గర రాక్షసులు చివరి పాయింటు దాకా పోరాడి చస్తారు. పాత ఆటలో ఇలా లేదు. 1981 నాటి బేసిక్ కూర్పులో ప్రతి జాతికీ ధైర్యానికొక అంకె ఉంది. తమలో మొదటివాడు చచ్చినప్పుడు ఒకసారి, సగంమంది పడినప్పుడు ఇంకోసారి గేమ్ మాస్టర్ రెండు మామూలు పాచికలు వేసేవాడు. కూడిక ఆ అంకెని మించితే పారిపోవడమో లొంగిపోవడమో జరిగేది. తర్వాతి రోజుల్లో ఈ పద్ధతి మరుగున పడింది. ఇది తిరిగి రావాలి. ప్రాణం మీద తీపి లేని జీవిని చంపడంలో ఆడేవాళ్ళకి కలిగే తృప్తి ఏముంది? పోరులో సగం పోయేసరికి ఒకడు కత్తి పారేసి మోకాళ్ళ మీద పడితే బల్ల దగ్గర మాటలు ఆగిపోతాయి. పాచికతో తేలని ప్రశ్న ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

ఈ వేసవి సెలవుల్లో మీ ఇంటి పిల్లలు ఈ ఆట ఆడతామంటే ఖరీదైన పుస్తకాలు లేకపోయినా పరవాలేదు. 20 ముఖాల పాచిక దొరక్కపోతే మామూలు పాచికలు రెండు చాలు. నేల మీద సుద్దతో గుట్ట, గుహ, బండి గీయండి. మేకల చింతగింజలు మనుషులవుతాయి, పులి గులకరాయి బకుడవుతుంది. ఆట నడిపే పెద్దవాళ్ళు ముందురోజు రాత్రి రాక్షసుడి గురించి మూడు సంగతులు రాసుకోండి. వాడికి ఏం కావాలి, వాడు దేనికి జంకుతాడు, ఎంత దెబ్బ తింటే పోరు మానుకుంటాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మన పిల్లలకి ఏ భాషలో ఆడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కొట్లాట తెలుగులోనే నడుస్తుంది. కోట కాపలావాడు అడ్డం వస్తే కన్నడం దానంతటదే వస్తుంది.

బకుడు పడిన తర్వాత ఆట ఆపెయ్యకండి. గుహలో నుంచి వాడి వాళ్ళు బయటికి రావాలి. భీముడు వాళ్ళ దగ్గర మాట తీసుకుని వదిలేశాడు. మీ పిల్లలు ఏం అడుగుతారో చూడండి. మనుషుల జోలికి రావద్దు అంటే, మరి మేము ఏం తిని బతకాలి అని ఆ రాక్షసుల్లో ఒక ముసలిదాని చేత అడిగించండి. ఊళ్ళో పండిన దాంట్లో కొంత ఇస్తామంటారా, కొండ విడిచి పొమ్మంటారా, బండ్లకి కాపలా ఉండమని పనిలో పెట్టుకుంటారా? ఏ బేరం కుదిరితే దాన్ని రాసి పెట్టుకోండి. తర్వాత ఆడినప్పుడు ఆ మాట రాక్షసులు నిలబెట్టుకుంటారో లేదో, ఆ ముసలిదాన్ని వీళ్ళు ఎలా చూసుకున్నారో దాన్ని బట్టే ఆడించండి.